రామప్ప రీలు

బీరువా పై అరలోంచి పాత ఆల్బమ్ దించగానే కలరా ఉండల వాసన, దాని వెనకే చెమ్మ పట్టిన అట్ట వాసన ముక్కుకు తగిలాయి. మేం రామప్ప గుడికి వెళ్లినప్పటి ఫొటోలు అందులో ఐదే ఉన్నాయి. ఐదింటికీ అంచున నిప్పంటుకున్నట్టు ఎర్రటి మరక. ఆ నిప్పు పెట్టింది నేనే. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

వరంగల్ చౌరస్తా దగ్గర మా బాపుకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. ఎదురుగా సలీం చాచా ఫొటో స్టూడియో. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఇద్దరూ ఒక్క చాయ్‌నే సగం సగం పోసుకుని, అది చల్లారేదాకా లోకంలోని తగాదాలన్నీ తీర్చేసేవారు. రంజాన్‌కు చాచా ఇంటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె వచ్చేది, దసరాకు అదే గిన్నెలో మా ఇంటి గారెలు వెళ్లేవి. బాపు కెమెరాలో రీలు వేసి ఇచ్చేదీ, కడిగేదీ చాచాయే.

నా తొమ్మిదో ఏట, చలికాలంలో, బాపు ఒకరోజు దుకాణం మూసి అమ్మనూ నన్నూ రామప్పకు తీసుకెళ్లాడు. హనుమకొండ బస్టాండులో పళ్లు టకటకలాడుతుంటే ములుగు బస్సెక్కడం, కిటికీ బయట మంచులో తడిసిన చేలు, అమ్మ ఒళ్లోని డబ్బాలోంచి సర్వపిండి నువ్వుల వాసన, ములుగులో దిగాక జీపులో ముడుచుకుని కూర్చోవడం, అన్నీ ఇంకా నాలో ఉన్నాయి. దారి పొడవునా బాపు నన్నే ఫొటోలు తీశాడు. కెమెరా తన వైపు తిరిగితే చాలు, అమ్మ కొంగు అడ్డం పెట్టుకునేది. గుడి దగ్గర నాట్యమాడే రాతి బొమ్మల పక్కన నిలబెట్టి బాపు ఏదో వేళాకోళం ఆడితే, కొంగు సంగతి మరిచిపోయి పగలబడి నవ్వింది. బాపు వరసగా తీస్తూనే ఉన్నాడు. రీలు ఇంకా మిగిలింది కదా, ఏ పెళ్లికో పనికొస్తుందని ఇంటికొచ్చాక కెమెరాను బీరువాలో పెట్టేశాడు.

వానాకాలంలో అమ్మకు కామెర్లు వచ్చాయి. ముందు ఆకు పసరు పోయించారు, తర్వాత దవాఖానకు తీసుకెళ్లారు. పది రోజుల్లో పోయింది. గోడకు పెట్టడానికి ఫొటో లేదు. పెళ్లి ఫొటోలో తల వంచుకుని ఉంది, ముఖమే కనిపించదు. అప్పుడు బాపు కెమెరా తీసి నాకు చూపించాడు.

"మీ అమ్మ ఈ రీల్లనే ఉన్నది బిడ్డా. రేపు చాచకిస్త."

రేపటిదాకా నేను ఆగలేకపోయాను. బాపు స్నానానికి వెళ్లగానే కెమెరా వెనక మూత తెరిచాను. లోపల గోధుమరంగు పట్టీ ఒకటి చుట్టుకుని ఉంది. అమ్మ ఎక్కడా కనిపించలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో తిప్పి మరీ చూసి, మూసేశాను.

చాచా చీకటిగదిలోంచి చాలాసేపటికి బయటికొచ్చాడు. వెలుతురు తగిలి రీలు పాడైందని, మొదటి ఐదు ఫొటోలు తప్ప ఏమీ మిగల్లేదని అన్నాడు.

"కెమెరా ఎవరన్న తెరిసిన్రానె అన్నా?"

బాపు నా వైపు చూశాడు. లేదని తలూపాను. చాచా కూడా నన్ను చూశాడు, అమ్మ కోసం గొరిగిన నా గుండును చూశాడు.

"తప్పు నాదేనె. కడిగేటప్పుడు దర్వాజ సరిగ వెయ్యలే."

బాపు మళ్లీ ఆ స్టూడియో మెట్టెక్కలేదు. ఆ ఏడు రంజాన్‌కు వచ్చిన గిన్నెను గుమ్మంలోంచే తిప్పి పంపాడు. చాచా ఎదురుగా కూర్చుని ఏళ్ల తరబడి మా దుకాణం వైపు చూసేవాడు, నేను తలొంచుకుని పోయేవాణ్ని. "సలీం గిట్ల జేస్తడనుకోలే" అని బాపు చివరిదాకా అంటూనే ఉన్నాడు. అన్న ప్రతిసారీ నిజం గొంతుదాకా వచ్చేది. పిరికివాణ్ని, మింగేశాను. బాపు పోయిన తర్వాతైనా చాచా కాళ్లు పట్టుకుందామని వెళితే, స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. చాచా అప్పటికే పోయాడని అక్కడి పిల్లగాడు చెప్పాడు. ఇక చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

నాయనమ్మ ఎట్లుండేదని నా బిడ్డ అడుగుతుంది. ఆ ముఖం నాకూ గుర్తు రావడం లేదు. నవ్విందని తెలుసు, ఆ నవ్వు ఎలా ఉండేదో తెలియదు. అందుకే ఐదో ఫొటో చూపిస్తాను. అందులో గుడి ముందు నేనున్నాను, నా భుజం మీద అమ్మ చెయ్యి ఉంది. గాజుల దాకా కనిపిస్తుంది, ఆ పైన అంతా ఎరుపు.