బెన్నీకి బాప్తిస్మం

డెబ్బైల మొదట్లో కంకిపాడులో మా బాబు పుట్టాడు. కాన్పు కష్టమై నేను చావు దాకా వెళ్లి వచ్చాను. "బెన్నీ" అనే ముద్దుపేరు నాకు పెళ్లికి ముందు నుంచీ ఇష్టం. దానికి కుదిరేలా అసలు పేరు బెన్యామీను అని ఎంచాను. మావారూ సరేనన్నారు.

బాప్తిస్మం రోజు పాస్టరుగారు బాబును ఎత్తుకుని పేరు అడగ్గానే మావారి అక్క లేచింది.

"ఆ పేరొద్దండీ అయ్యగారూ! బైబిల్లో రాహేలు బెన్యామీనును కనే కదా చచ్చిపోయింది! మా మరదలికీ మొన్న ప్రాణం మీదికొచ్చింది. దానియేలని పెట్టండి."

సంఘమంతా గుసగుసలు. మావారు తల వంచుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆగండి అయ్యగారూ! చనిపోతూ రాహేలు పెట్టిన దుఃఖపు పేరు బెనోని. దాన్ని తీసేసి తండ్రి యాకోబు పెట్టిన పేరు బెన్యామీను. వాక్యం సగమే చదివి నన్ను చంపకండి వదినా!" అని అరిచాను.

పాస్టరుగారు బెన్యామీను అనే పిలిచి నీళ్లు చల్లారు.

దేవుని మందిరంలో శకునాలా అని తలచుకుంటే ఇప్పటికీ నా రక్తం మరుగుతుంది. అయినా వదినను ఆ వారమే క్షమించాను. పక్కనే నిలబడి నోరు విప్పని మావారిని క్షమించడానికి మాత్రం ఇంకా ప్రార్థన చేస్తూనే ఉన్నాను.