పిన్ను ఊడిన జాబితా

దోహాలో నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, లైబ్రరీలో పాత కాగితాలు స్కాన్ చేస్తానని చెబుతాను. స్కానింగ్‌కు ముందు వాటికున్న తుప్పు పిన్నులు తీయాలి. పొద్దస్తమానం అదే పని కాబట్టి మా ఆయన నన్ను "పిన్నిగారూ" అని పిలుస్తాడు. ఈ పనికి ఒక నియమం ఉంది. ఏ కాగితం దేనికి గుచ్చి ఉందో ముందు పెన్సిల్‌తో చీటీ మీద రాయాలి, తర్వాతే పిన్ను తీయాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఇది నేర్పేది నేనే. తప్పిందీ నేనే.

ఆ వారం మా దగ్గర ఇంకో లైబ్రరీ నుంచి ఎరువు తెచ్చుకున్న పెట్టె ఒకటి ఉంది. అమెరికాలో ఒకప్పటి నల్లజాతి విప్లవోద్యమం, దానికి తోడు నిలిచిన సంఘాలు రాసుకున్న ఉత్తరాలు అందులో ఉన్నాయి. గురువారం ఒంటిగంటకు కొరియర్ వాళ్ళు దాన్ని తిరిగి తీసుకుపోవాలి. బుధవారం అల్ వుకైర్‌లోని మా ఇంటి నుంచి పనికి వచ్చేసరికే ఆలస్యమైంది. ఆ హడావిడిలో ఒక ఫోల్డర్‌లోని పిన్నులన్నీ ఏకబిగిన పీకేశాను. చీటీలు తర్వాత రాసుకోవచ్చులే అనుకున్నాను.

గురువారం పదకొండింటికి ఒక పెద్దావిడ వచ్చింది. ఇక్కడే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నల్లజాతి అమెరికన్. వాళ్ళమ్మ ఆ ఉద్యమంలో పనిచేశానని చెప్పేదట, ఏం చేసిందో మాత్రం చెప్పకుండానే పోయిందట. స్క్రీన్ మీద నేను ఒక్కో పేజీ జరుపుతుంటే, టైపు చేసిన పేర్ల జాబితా దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"ఎనిమిదో పేరు. మా అమ్మ."

నాకేసి తిరిగింది.

"ఇది ఏ జాబితా?"

దానికి శీర్షిక లేదు, పేర్లే ఉన్నాయి. నేను పిన్నులు పీకేసిన ఫోల్డర్‌లోదే అది. అందులో రెండు ఉత్తరాలున్నాయి, జాబితా మాత్రం ఒక్కటే. రెండింటి చివరా "పేర్లు జతచేశాం" అనే ఉంది. ఒకటి తోడు నిలిచిన నర్సుల సంఘం రాసింది: పొద్దున్నే పేదపిల్లలకు వండిపెడుతున్న ఈ ఆడవాళ్ళకు కృతజ్ఞతలు. రెండోది ఉద్యమం లోపలిదే: వీళ్ళు పోలీసులకు కబుర్లు మోస్తున్నారని అనుమానం, ఇక మీటింగులకు రానివ్వొద్దు.

"చూసి చెప్తాను, ఒక్క అరగంట" అన్నాను, ఆపరేషన్ థియేటర్ బయట డాక్టరులాగా.

ప్యాకింగ్ బల్ల దగ్గర మాతో పనిచేసే పెద్దాయన అట్టపెట్టె సిద్ధం చేస్తున్నాడు. జగిత్యాల వైపు మనిషి. లుసైల్ టవర్లకు ఏళ్ళ తరబడి ఇనుప సలాకలు కట్టి, నడుం పట్టేశాక ఈ నీడపట్టు పనికి మారాడు. జరిగింది చెప్పాను.

"రాయకుంటనే పీకినవా? అందరికీ క్లాసు పీకేది నువ్వే గద మేడం!"

"ఇప్పుడు నాకు పీకకండి."

"సరే తియ్. టైమ్ మాఫీ, అసలే లేదు. కాయితాలు పట్టు, యల్లా, జల్ది. జంగు మరక యాడున్నదో జూద్దాం."

ఫోన్ టార్చి వెలిగించాడు. జాబితా మూలన గోధుమరంగు తుప్పు మరక, మధ్యలో బెజ్జం. ముందు నర్సుల ఉత్తరం మీద పెట్టాను. ఎటు జరిపినా ఆ మరకకు జోడీ లేదు. రెండో ఉత్తరం మీద పెట్టాను. గుండీ కాజాలో పడ్డట్టు మరక మీద మరక కూర్చుంది.

పన్నెండున్నర. అద్దాల తలుపు అవతల ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని, కుర్చీకి ఆనుకోకుండా కూర్చుని ఉంది.

"ఇది చూసింది మనిద్దరమే" అన్నాను నెమ్మదిగా. "నర్సుల ఉత్తరంతో కలిపి పెట్టేస్తే ఆవిడ సంతోషంగా వెళ్ళిపోతుంది."

పెద్దాయన జాబితాను నా చేతిలోంచి తీసుకున్నాడు.

"సంబురపడ్తది, నిజమే. గని రేపు ఇంకెవలో వచ్చి ఇదే మరక జూత్తరు. అప్పుడు ఆమెకు ఎవలు చెప్పాలె?" అంటూ కాగితాన్ని వెలుతురుకు ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. "బిడ్డా, ఇటు రా. ఇంకో బొక్కున్నది. సన్నది. పాతది."

ముదురు మరక అంచు కింద సగం దాక్కుని, సూదిమొనంత బెజ్జం. చుట్టూ వెలిసిపోయిన పసుపు. నర్సుల ఉత్తరం మళ్ళీ లాక్కున్నాను. అక్కడా అదే పసుపు, అంతే బెజ్జం. ముదురు మరక కోసమే వెతికిన నా కంటికి అది ఇందాక ఆనలేదు. రెండూ కలిశాయి.

పేర్లు ముందు కృతజ్ఞతతో వచ్చాయి. తర్వాత ఎవరో ఆ కాగితాన్నే ఊడదీసి అనుమానానికి గుచ్చారు.

ఆవిడను లోపలికి పిలిచి ముందు నా తప్పు చెప్పాను, తర్వాత రెండు బెజ్జాలూ చూపించాను. టార్చి వెలుతురులో చాలాసేపు వంగి చూసింది.

"అయితే వండింది."

"వండారు."

"తర్వాత పొమ్మన్నారు."

"అనుమానమని రాశారు. నిజమో కాదో ఈ కాగితంలో లేదు."

"ఆ రోజుల గురించి అడిగితే లేచి వెళ్ళి గిన్నెలు కడిగేది" అంది ఆవిడ. "కడిగినవే మళ్ళీ కడిగేది."

నడవాలో కొరియర్ ట్రాలీ చప్పుడు వినిపించింది. పెన్సిల్ తీసుకున్నాను. ఆవిడ నా చీటీ మీద చెయ్యి పెట్టింది.

"రెండూ రాస్తారా?"

"రెండూ రాయాలి."

"వంట సంగతి ముందు రాయండి. అదే ముందు జరిగింది."

రాశాను. పైకి చదివి వినిపించాను. పెద్దాయన పెట్టె మూత చేతిలో పట్టుకుని, నాకేసి కాదు, ఆవిడకేసి చూశాడు. ఆవిడ తల ఊపాక మూత పెట్టాడు.