పచ్చకర్పూరం ఎక్కువైన లడ్డూ

వీరదుర్గ తిరుపతి ఎన్నడూ వెళ్లలేదు. అయినా చిలకలపూడిలో ఆమె చేపలమ్మే వీధుల్లో ఎవరినడిగినా ఆమె తిరుపతి ప్రయాణం గురించి చెప్పేవారు. క్యూలో పిల్లాడి పాల కోసం వియ్యపురాళ్లిద్దరు ఎలా తగువు పడ్డారో, గుండు గీసే మనిషి "కళ్లు మూసుకో తల్లీ, తెరిచేసరికి భారం దిగిపోద్ది" అని ఎంత మెత్తగా అన్నాడో, అన్నీ ఆమె నోటివెంట విన్నవే.

గుండు గీసింది నిజానికి మొగుడు కోటయ్య, గిలకలదిండిలో వాళ్ల పెరట్లోనే. గడ్డ వచ్చిందని విజయవాడ ఆసుపత్రిలో దుర్గకి ఎడమ రొమ్ము తీసేశారు. గర్భసంచి ఆపరేషనని చెప్పుకుంది. ఆ ఆపరేషను కాని ఆడది ఆ చుట్టుపక్కల అరుదు గనక ఎవరూ గుచ్చి అడగలేదు. తర్వాత కీమో మొదలయ్యాక దువ్వెన పెడితే చాలు, జుట్టు గుత్తులుగా ఊడి వచ్చేది.

"అడిగితే ఏం చెప్తావే?" అన్నాడు కోటయ్య కత్తి కడుగుతూ.

"మొక్కని చెప్తా. దేవుడికిచ్చానంటే దణ్ణం పెడతారు మావా. రోగమంటే తలుపేసుకుంటారు."

ఆ మాట ఊరికే అనలేదు. అంతకుముందు అవే వీధుల్లో చేపలమ్మిన ఒకావిడకి క్షయ అని తెలిశాక, మందులు వాడి తగ్గినా సరే, మళ్లీ ఆవిడ ముందు గిన్నె పెట్టినవాళ్లు లేరు. చేప అంటే చేత్తో ఎత్తి, చేత్తో కోసి ఇచ్చేది. ఆ చేతిమీద అనుమానం వస్తే ఎంత తాజా సరుకైనా అంతే సంగతులు. ఆ వీధులు దుర్గకి అత్తగారి దగ్గర్నుంచి వచ్చినవి. అవి పోతే ఆమెకి ఇంకో పని రాదు.

సూది ఎక్కించిన వారమంతా చాప మీదే. నోరు పూసి, మంచినీళ్లు కూడా మండేవి. తర్వాత మెల్లగా కాళ్లలోకి సత్తువ వచ్చేది. డాక్టరు వద్దన్నా వినకుండా హార్బరులో చేపల వేలంపాటకి వెళ్లి తట్ట నింపుకునేది. ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ ఏటా తిరుపతి వెళ్లే మనిషి. సూది ఎక్కుతున్నంతసేపూ దుర్గ ఆవిణ్ణి కదిపి అలిపిరి మెట్లు, గోశాల, కాటేజీ తాళాలు అన్నీ రాబట్టేది. ఇంటికొచ్చి వాంతులకి లేచినప్పుడల్లా వాటికి ఇంకో మనిషిని, ఇంకో తగువుని కలిపేది. అలా కలిపేటప్పుడు కడుపులో తిప్పడం కాసేపు తెలిసేది కాదు.

ఒకరోజు నాగమల్లేశ్వరి అడిగింది. గిల్టు నగలకి రాళ్లు అద్దే మనిషి, దుర్గకి పాత బేరం.

"అన్నీ చెప్తన్నావు గానీ దుర్గా, లడ్డూ ఏదే?"

దుర్గ తట్ట మీద గుడ్డ సర్దింది. "తెస్తా పిన్నిగారూ. ఇంట్లోనే ఉన్నయ్యి."

బందరు లడ్డు కొని ఇస్తే బందరోళ్లే పట్టేస్తారు. అందుకని తనే చేసింది. బూంది దూసి, పాకం పట్టి, జీడిపప్పు, పటికబెల్లం, యాలకులు వేసింది. ఆ కొండ వాసన రావాలంటే పచ్చకర్పూరం పడాలి. చిటికెడు వేసి నాలిక మీద పెట్టుకుంటే ఇనుప ముక్క నాకినట్టుంది. మందుల వల్ల ఆమెకి అన్నీ అలాగే ఉంటున్నాయి. వాసనా అందలేదు. ఇంకాస్త వేసింది. ఇంకాస్త. రుచి చూసి చెప్పడానికి కోటయ్య వేటకి వెళ్లి సముద్రం మీద ఉన్నాడు.

మర్నాడు ఇంటికొకటి పంచింది. అందరూ కళ్లకద్దుకుని తిన్నారు. ప్రసాదానికి ఎవరు వంక పెడతారు? పిల్లలు మొహం చిట్లిస్తే తల్లులు నెత్తిన మొట్టారు. దుర్గ ఆ పూట పాడుకుంటూ ఇల్లు చేరింది.

ఆ తర్వాత బేరం తగ్గింది. "ఇవాళ శనివారం దుర్గా." "కార్తీకం కదా, నీసు ముట్టం." కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చినా పొయ్యిల మీద పప్పే ఉడికింది. చివరికి దుర్గ నాగమల్లేశ్వరి గుమ్మం ముందు తట్ట దించి కూర్చుంది.

"కానాగంతలు పిన్నిగారూ. పొద్దున బోటులోయి."

నాగమల్లేశ్వరి రాయి అద్దుతున్న దుద్దు పక్కన పెట్టి, ఆమె మొహంలోకి చూసింది.

"కనుబొమ్మలు కూడా మొక్కుకున్నావా ఏంటే?"

దుర్గ చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది. పొద్దున కాటుకతో గీసుకున్నవి చెమటకి చెరిగిపోయాయని అప్పుడు తెలిసింది.

"ఆ లడ్డూ చేదు విషం. మా అత్తకీ ఈ రోగమే వచ్చి ఇంతే. ఆ మందులు ఎక్కినన్నాళ్లూ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. ఒక్క ముక్క తినేసరికి నాకు తెలిసిపోయింది."

"ఎవరికన్నా చెప్పారా?"

"పక్కింటావిడ అడిగితే అన్నా. పాపం అనే అన్నాలే, చెడ్డగా కాదు." లోపలికి వెళ్లి ఒక పాత చీర, కాసిన్ని బియ్యం తెచ్చింది. "ఉంచుకో. చేపలు మాత్రం వద్దమ్మా, మా ఆయన ఒప్పుకోడు."

"మీ అత్తగారు వండిన పప్పు తిన్నారుగా పిన్నిగారూ. మీకేమన్నా అంటుకుందా?"

నాగమల్లేశ్వరి దుద్దు మళ్లీ చేతిలోకి తీసుకుంది. చీరా బియ్యం గుమ్మం మీదే ఉండిపోయాయి.

తట్ట తలకెత్తుకోవాలంటే అవతలివాళ్లు ఒక చెయ్యి వెయ్యాలి. ఆపరేషనయ్యాక దుర్గకి ఎడం చెయ్యి భుజం దాటి లేవదు. "ఒక చెయ్యెయ్యండి" అంది దుర్గ. నాగమల్లేశ్వరి వినపడనట్టు లోపల కుక్కరు చూసుకోవడానికి వెళ్లింది. దుర్గ తట్టని నేల మీదే ఈడ్చుకుంటూ వీధి మొగకి తెచ్చింది. తలకి కప్పుకున్న కొంగు తీసి, దాంతోనే మొహం తుడుచుకుంది. పచ్చి గుండుతో, బోడి కళ్లతో కూర్చుని కేకేసింది.

"కానాగంతలమ్మా. నేను తిరపతి పోలేదు. కేన్సరొచ్చి జుట్టూడింది. అది అంటుకునే రోగం కాదంట, డాక్టరు చెప్పాడు. కావాలంటే వెళ్లి అడగండి."

వియ్యపురాళ్ల తగువు చెప్పిన గొంతుతోనే కత్తి మాట, సూది మాట, ఇనుప రుచి మాట చెప్పుకుంటూ పోయింది. తలుపుల సందుల్లో మొహాలు కనపడ్డాయి. ఒక్కరూ నవ్వలేదు.

చేపల మీద ఐసు సగం కరిగాక ఒకావిడ కాస్త దూరంలో నిలబడి అంది. "సగానికి ఇస్తావా? ఎట్టాగూ నీ దగ్గర ఎవరూ కొనరుగా."

"రోగం నాకు, చేపకి కాదు. రోజూ రేటే."

ఆవిడ కాసేపు గొణిగింది. లోపలికి వెళ్లి గిన్నె తెచ్చి, చెయ్యి ఎంత చాచగలదో అంతా చాచి పట్టుకుంది. దుర్గ గిన్నెని తాకకుండా, చేపల్ని ఒక్కొక్కటే అందులోకి విసిరింది.