కమలాపళ్ళ సంచిలో చెప్పులు

మడమ నొప్పికి గుంటూరులో ఏం వైద్యం చేశారు, ఎలాంటి చెప్పులు కొన్నారు అని ఈ మధ్య ముగ్గురు నలుగురు అడిగారు. వారికోసం రాస్తున్నాను. నొప్పి ఎలా వచ్చిందో కూడా రాయక తప్పదు. నా భార్య రాజ్యం కిందటి ఏడు మార్చిలో పోయింది. కర్మ జరిగే రోజుల్లో చెప్పులు తొడగకపోవడం మా వైపు ఆచారం. అది ముగిశాక అందరూ మళ్ళీ తొడుక్కుంటారు. నేను తొడగలేదు. సంవత్సరీకం దాకా వట్టికాళ్ళతోనే ఉంటానన్నాను. ఉండమని ఎవరూ అడగలేదు. వ్యవసాయ శాఖలో డిమాన్‌స్ట్రేటరు పని నాది. నరసరావుపేట చుట్టూ పత్తి చేలు, మిరప తోటలు తిరగాలి. ఎండకు నెర్రెలిచ్చిన నల్లరేగడి, పత్తి మోళ్ళు, గట్ల మీద పల్లేరుకాయలు. చలికాలం వచ్చేసరికి పొద్దున మంచం దిగి కుడికాలు నేలమీద పెడితే మడమలో మేకు దిగినట్టుండేది.

ఫిబ్రవరిలో ఒక శనివారం సెలవు పెట్టి బయలుదేరాను. ముందు గుంటూరులో డాక్టరు, తర్వాత మార్టూరు దగ్గర పల్లెలో ఉన్న మా అత్త. ఆమె రాజ్యం తల్లి, నాకు సొంత మేనత్త. సంవత్సరీకం ఏర్పాట్లు మాట్లాడాలి. డాక్టరు చెప్పులు తొడగమంటాడని తెలుసు. తొడుక్కుని అత్త ఎదుట ఎలా నిలబడాలన్నదే నా భయం. ఆమెకు రాజ్యం ఒక్కతే. ఏడాదైనా తిరక్కుండానే మరిచిపోయానని ఆమె అనుకుంటే ఆ గడప నేను మళ్ళీ తొక్కలేను.

నరసరావుపేటలో పొద్దుటి ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నర ప్రాంతంలో గుంటూరులో దిగవచ్చు. స్టేషను నుంచి బ్రాడీపేటకు రిక్షాలో వెళ్ళాను. మడమ నొప్పి ఉన్నవాళ్ళు ఇక్కడ పావలా మిగుల్చుకోవాలని చూడవద్దు. డాక్టరు పెద్దాయన. నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని బొటనవేలితో మడమ లోపలి వైపు నొక్కాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

“పొద్దున మొదటి అడుగే ఎక్కువ బాధ. కాస్త తిరిగితే తగ్గుతుంది. సాయంత్రానికి మళ్ళీ మొదలు. అంతేనా?” అన్నాడు.

“అంతేనండి.”

“చెప్పులు లేవేం? మొక్కా?”

“అవునండి” అన్నాను. నేను ఏ దేవుడికీ మొక్కలేదు. భార్య పేరు చెబితే ఆయన మెచ్చుకుంటాడేమోనని ఒక భయం, మెచ్చుకోడేమోనని ఇంకొకటి.

“అయితే దేవుడికి మీరు నచ్చజెప్పుకోండి. మీ మడమకు నచ్చజెప్పడం నావల్ల కాదు” అన్నాడాయన.

మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుందనీ, గట్టి నేలమీద ఆధారం లేకుండా నడిచి నడిచి అది మడమ దగ్గర వాచిందనీ చెప్పాడు. మాత్రలు రాయలేదు. చేయవలసినవి చేసి చూపించాడు. మంచం దిగకముందే తువ్వాలు మడిచి వేళ్ళకింద వేసి, రెండు చేతులతో ఒంటివైపు మెల్లగా లాగాలి. ముప్పై లెక్కపెట్టే దాకా పట్టి ఉంచాలి. తర్వాత గోడకు ఎదురుగా నిలబడి రెండు అరచేతులూ గోడకు ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టాలి. వెనక మోకాలు వంగకూడదు, మడమ లేవకూడదు. అలాగే ముందుకు ఒరిగితే పిక్క లాగుతుంది. సాయంత్రం కుర్చీలో కూర్చుని సోడాసీసా ఒకటి అరికాలి కింద దొర్లించాలి. ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగకూడదు.

పట్నంబజారులో చెప్పుల దుకాణాలు పది గంటలకు తీస్తారు. కొట్టులో కుర్రవాడు నాకు రబ్బరు చెప్పులు చూపించి, “నొక్కి చూడండి సార్, దూదే” అన్నాడు. రెండు చేతులతో మడిచి చూశాను. అట్టముక్కలా నడిమికి మడతపడ్డాయి. డాక్టరు వద్దన్నది సరిగ్గా అదే. వేళ్ళ దగ్గర వంగాలి, నడుమ వంగకూడదు. మడమ కింద మందం ఉండాలి, వెనక పట్టీ ఉండాలి. నాలుగు కొట్లు తిరిగాక అలాంటి తోలు చెప్పులు దొరికాయి. అరికాలి వంపు కింద తోలుముక్క ఒకటి పెట్టి కుట్టించుకున్నాను. మొత్తం పన్నెండు రూపాయలు దాటింది. తొడుక్కుని నడిస్తే హాయిగా ఉంది. ఆ హాయికోసం బస్టాండుకు దగ్గరిదారి వదిలి ఒక వీధి చుట్టి వెళ్ళాను. ఆ సంగతి వీధి చివరికి వచ్చాక నాకే తెలిసి తల ఎత్తలేకపోయాను. కమలాపళ్ళు డజను కొన్నాను, రాజ్యం ఫొటో ముందు పెట్టడానికి.

గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వెళ్ళే బస్సులు మార్టూరులో ఆగుతాయి. రూపాయిన్నర టిక్కెట్టు, రెండున్నర గంటల ప్రయాణం. బస్సులో మా సర్కిల్లో పత్తి వేసే కోటయ్య, ఆయన భార్య ఎక్కి నా ఎదురు సీటులో కూర్చున్నారు. కోటయ్య గొంతు చేను ఈ చివర నుంచి ఆ చివరకు వినబడుతుంది.

“ఈయన ఎవరనుకున్నారు? మా డిమాన్‌స్ట్రేటరు గారు” అని బస్సంతటికీ చెప్పాడు. “భార్య పోయినకాడి నుంచి కాళ్ళకి చెప్పు తొడిగితే ఒట్టు. మా చేలో మోళ్ళ మీద వట్టికాళ్ళతో నడిచారండీ. నేనైతే నాలుగు రోజులు ఉండలేను.”

“నాలుగు రోజులా ఈయన? నా పీనుగు లేవకముందే కాఫీ ఏదంటాడు” అంది ఆయన భార్య.

బస్సు నవ్వింది. ఆ నవ్వులో నా కాళ్ళవైపు ఎవరూ చూడలేదు. పాదాలు రెండూ సీటు కిందికి లాక్కుని, ముందు సంచి అడ్డం పెట్టుకున్నాను. ఒక ముసలాయన నాకు దణ్ణం పెట్టాడు. నేను తిరిగి దణ్ణం పెట్టాను. చెప్పులు తొడుక్కున్నానని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. చిలకలూరిపేటలో ఆ దంపతులు దిగిపోయాక డ్రైవరు టీకి దిగుతూ, “రండి మాస్టారూ, పది నిమిషాలు ఆగుతుంది” అన్నాడు. కాళ్ళు బయటపెట్టడం ఇష్టంలేక దాహంగా లేదన్నాను. ఆయన అటు వెళ్ళగానే చెప్పులు విప్పి కాగితంలో చుట్టి సంచిలో అడుగున పెట్టాను.

మార్టూరులో దిగి అత్త ఊరికి మైలున్నర నడక. జట్కా దొరుకుతుంది. నేను నడిచాను. బండిబాట నిండా కంకర. ఊరి మొదట్లో కళ్ళాలన్నీ మిరపకాయలతో ఎర్రగా ఉన్నాయి. ఘాటుకు తుమ్ముతూ, మడమ మోపలేక కాలివేళ్ళ మీద కుంటుతూ చేరాను. ఇంటి ముందు కళ్ళంలో అత్త మరో ఇద్దరు ఆడవాళ్ళతో తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది.

“ఏరా, ఏమిటా నడక? ముల్లు గుచ్చుకుందా?”

“లేదత్తా. కాలు పట్టేసింది.”

చెంబుతో నీళ్ళిచ్చి, నా చేతిలో సంచి అందుకుంది. నేను కాళ్ళు కడుక్కుంటూ ఉన్నాను. ఆమె అరుగుమీద కూర్చుని పళ్ళు ఒక్కొక్కటే తీసి చేటలో పెట్టింది. చివరికి కాగితం పొట్లం వచ్చింది. కాగితం చిరిగి ఉంది. కొత్త తోలు వాసన పళ్ళకు కూడా అంటింది.

“ఫొటో ముందు పెట్టే పళ్ళలో చెప్పులు తెచ్చావా?” అంది. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ చేతులు ఆగాయి.

“డాక్టరు తొడుక్కోమన్నాడత్తా. మడమ దెబ్బతింది.”

“మరి తొడుక్కోవేం?”

“నువ్వు ఏమనుకుంటావోనని.”

“ఇంకా?”

ఇంకా ఉందని ఆమెకెలా తెలిసిందో తెలియదు. బస్సులో కోటయ్య అన్నది, ముసలాయన దణ్ణం పెట్టింది, నేను కాళ్ళు దాచుకున్నది చెప్పాను. అత్త పొట్లం అరుగుమీద పెట్టింది. తర్వాత పక్కనున్న ఆడవాళ్ళవైపు తిరిగింది.

“విన్నారా? వీడు ఏడాది వట్టికాళ్ళతో తిరిగితే బస్సులో దణ్ణాలు పెడుతున్నారంట. మనం పుట్టినప్పటి నుంచి వట్టికాళ్ళే గదే. మనల్ని ఏ కోటయ్యా మెచ్చుకోలేదేం?”

వాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె నవ్వలేదు.

“దాన్ని తలుచుకోవడానికి నీ మడమలెందుకురా? తొడుక్కో. పళ్ళు ఆవుకు వేస్తాను.”

తొడుక్కున్నాను. సాయంత్రం పెరటిగోడకు చేతులు ఆనించి కాలు వెనక్కి పెట్టాను. “గోడ పడిపోతోందా, పట్టుకున్నావు?” అంటూ అత్త వచ్చింది. ఎందుకో చెప్పాను. పొద్దున మొదటి అడుగు సంగతి చెబుతుంటే, “అది నొప్పా? వయసనుకున్నా” అంది. ఎన్నేళ్ళుగా అని అడిగితే గుర్తులేదంది. నా పక్కనే నిలబడి గోడకు చేతులు పెట్టింది. మోకాలు వంచొద్దన్నాను. ఇద్దరం గోడవైపే చూస్తూ ఉన్నాం. కాసేపటికి ఆమె ఊపిరి మారింది. నేను అటు తిరగలేదు. ముప్పై లెక్కపెట్టడం అయ్యాక కూడా ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను.

ఇప్పుడు నొప్పి చాలా తగ్గింది. వ్యాయామం రోజూ చేస్తేనే గుణం కనిపిస్తుంది, ఆరు వారాలు ఓపిక పట్టాలి. సిగ్గు మాత్రం అలాగే ఉంది. ఏడాదిపాటు నేను మోసింది దుఃఖమే. అందులో కొంత నలుగురికీ కనబడేలా మోశాను. ఎంత భాగమో తేల్చుకోలేకపోతున్నాను. రాజ్యం ఉంటే తేల్చి చెప్పేది, ఆమెకు అంతసేపు పట్టేది కాదు.

ఒక్క సలహా. చెప్పులు వేసుకోవలసిన మనిషి దుకాణానికి రాలేకపోతే, పాదం కొలత కాగితం మీద గీసి తీసుకెళ్ళండి. కూర్చోబెట్టి గీయవద్దు. ఒంటి బరువంతా పడేలా నిలబెట్టి గీయండి. మా అత్తకు మొదట కూర్చోబెట్టి గీశాను, తెచ్చిన జత ఇరుకైంది. రెండోసారి నిలబెట్టి గీస్తే పాదం వేలెడు వెడల్పు ఎక్కువ వచ్చింది. ఆ కొలతకు తెచ్చిన జత ఆమె వీధిలోకి వేసుకుని రాదు. పెరట్లో వేసుకుంటుంది.