బుజ్జమ్మ వంతు నీళ్లు

ముమ్మిడివరానికి దిగువన, పంటకాలువ చివరంటా వెళ్తే ఆఖరి రెండెకరాలు బుజ్జమ్మవి. భర్త పోయాక ఆవిడే దగ్గరుండి సాగు చేయించేది. వానాకాలం పంట సార్వాకి గోదారి నిండుగా ఉండేది కాబట్టి దిగులు లేదు. బెంగంతా రెండో పంట దాళ్వాకే. శీతాకాలంలో గోదారి సన్నబడిపోతే, ఎక్కడో కొండల్లో ఉన్న సీలేరు జలాశయాల నుంచి నీళ్లు వదలాలి. ఆ కొండలు ఆవిడ ఎన్నడూ చూడలేదు. అయినా తొంభైల్లో ఏటా దీపావళి వెళ్లగానే, రేడియోలో డ్యాముల నీటిమట్టాలు చెబుతుంటే పొయ్యి మీద పోపు మాడుతున్నా కదిలేది కాదు. కృష్ణ మీద డ్యాములు నిండాయంటే "పాపం, వాళ్లకి మంచిదే" అనేది. సీలేరు మాట వచ్చేకే లేచేది.

"అవి కరెంటు తీసేసిన నీళ్లే బుజ్జీ, వాటిలో సారమేముంటుంది?" అని ఏడిపించేవాడు అన్నయ్య కృష్ణమూర్తి. అదే కాలువ మీద, రెండూళ్లు ఎగువన ఆయన పొలం. ఆవిడ నిజమేననుకుని, ఒక ఏడు ఎందుకైనా మంచిదని చేలో మూడు బళ్ల పశువుల గత్తం ఎక్కువ తోలించింది. పైరు కాస్తా ఏపుగా పెరిగి పడిపోయింది. ఆయన కనబడ్డ వాళ్లందరికీ చెప్పి నవ్వేడు. ఆయన పోయేక ఇప్పుడా ఎగతాళి కూడా ఆవిడకి అపురూపమే.

ఆయన ఉన్న రోజుల్లోనే, 2002లో వానలు మొహం చాటేసేయి. ఏ డ్యాములోనూ చాలినన్ని నీళ్లు లేవన్నారు. దాళ్వాకి వంతులు పెట్టేరు, కొన్నాళ్లు ఎగువకి, కొన్నాళ్లు శివారుకి. మాఘమాసం వెళ్లేసరికి చేలు పొట్టమీదున్నాయి, రేపో మాపో ఈనేలా. అప్పుడు ఒక్క తడి తప్పినా గింజ పాలుపోసుకోదు, అంతా తాలే. శివారు వంతు వచ్చింది గానీ నీళ్లు రాలేదు. కాలువ చూసే లస్కరు అప్పన్నని అడిగింది.

"వదిలేనండి బుజ్జమ్మగారూ. దారిలో ఇంజన్లు తోడేస్తున్నాయండి."

"ఎవరివయ్యా?"

"తమరే వెళ్లి చూసుకోండి. నన్నడక్కండి."

గట్టంట నడుచుకుంటూ వెళ్లింది. కాలువలో గొట్టం పడేసి ఇంజను దడదడలాడుతోంది. పక్కన తువ్వాలు పరుచుకుని కృష్ణమూర్తి.

"రావే, ఎండన పడి ఏఁటిలా? బొండం కొట్టించనా?"

"బొండంతో నా చేను తడుస్తుందా అన్నయ్యా?"

ఆయన గొట్టం వంక చూస్తూ కూర్చున్నాడు. "నా చేనూ పొట్టమీదే ఉంది బుజ్జీ."

"తెలుసు. నీ వంతు అయిపోయింది. పసుపు కుంకాల కింద నిన్నెప్పుడూ సెంటు భూమి అడగలేదు. ఈ నీళ్లు నువ్వు పెట్టేవి కూడా కాదు, నావే."

ఆయన లేచి ఇంజను ఆపేసేడు.

"ఏం, కాపలా కూర్చుంటావా?"

"ఆయ్, కూర్చుంటా. బొండం కొట్టించు."

తర్వాత ఆయనే గట్టంట బయల్దేరి, "మా చెల్లెలి నీళ్లురా, ఆపండెహె" అని తిట్టుకుంటూ మిగతా ఇంజన్లూ ఆపించేడు. పొద్దువాలేసరికి నీళ్లు శివారు చేరేయి.

కోతలయ్యేక, ఆ తడి అందని ఆయన మెరక మడుల్లో చేతికొచ్చింది తాలే. బుజ్జమ్మ బండి కట్టించి, ధాన్యం బస్తాలు వేయించుకుని అన్నయ్య గుమ్మంలో దిగింది.

"నేనడిగేనా?" అన్నాడాయన, కోపంగా.

"నీకెవడు తెచ్చేడు? వదినకి. పక్కకి తప్పుకో."

ఆయన తప్పుకోలేదు. తువ్వాలు తలకి చుట్టుకుని, మొదటి బస్తాకి తనే వీపు పట్టేడు.