వదిన షెడ్డులో నా హీటరు

చిత్తూరులో ఒక ఐటీఐలో ఎలక్ట్రికల్ ట్రేడు పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. పాఠం చెప్పడం కంటే ఏదైనా కొత్త వస్తువు తయారు చేయడం మీదే నాకు ధ్యాస ఎక్కువ. ఇంట్లో మేడ మీది చిన్న గదినిండా తీగలు, రేకు ముక్కలు, పాత ఫ్యాన్ల మోటార్లు. వాటి మధ్య కూర్చుంటే అన్నం వేళ కూడా గుర్తొచ్చేది కాదు.

నేను చేసిన వాటిలో బాగా పనిచేసింది ఒక్కటే. లైటర్లలో నింపే గ్యాసు డబ్బాకు చిన్న గొట్టం అమర్చి, దాని కొసన రాగి మొన పెట్టి, కరెంటు లేని చోట కూడా సోల్డరింగ్ చేసుకునే ఐరన్ ఒకటి తయారు చేశాను. స్తంభాలెక్కి పనిచేసే లైన్‌మెన్ ఇద్దరు ముగ్గురు అడిగి మరీ చేయించుకున్నారు. ఒకాయన నలుగురిలో నన్ను చూపించి, "ఈయనేనప్పా, కొత్త కొత్తవి కనిపెడతాడే, ఆ సారు," అన్నాడు. ఆ మాట నాకు బాగా ఎక్కింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, అంతా అక్కడే మొదలైందనిపిస్తుంది.

నా భార్యకు ఒక అక్క. పలమనేరు దగ్గర పల్లెలో ఉంటుంది. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు వాళ్ళ బతుకుతెరువు. తోట పని మా తోడల్లుడిదైతే, పురుగుల పని పూర్తిగా వదినది. షెడ్డులో అడుగుపెట్టి, కళ్ళు మూసుకుని, పురుగులు ఆకు తినే చప్పుడు విని ఆకలి మీదున్నాయా లేదా చెప్పేది. పురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండే రోజులను అక్కడ జ్వరం అంటారు. ఏ పురుగు ఎప్పుడు జ్వరానికి కూర్చుంటుందో, ఎప్పుడు లేస్తుందో వదిన చెప్పినట్టే జరిగేది. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు కూడా వచ్చి ఆమెను పిలుచుకుపోయి చూపించుకునేవాళ్ళు.

పలమనేరు చలి సంగతి మొగిలి కనుమ ఎక్కుతున్న బస్సులోనే తెలిసిపోతుంది. చలికాలంలో పురుగులకు వెచ్చదనం కోసం వదిన బొగ్గుల కుంపటి పెట్టేది. ఒకసారి మేం వెళ్ళినప్పుడు ఆ పొగకు కళ్ళు తుడుచుకుంటూ షెడ్డులోంచి బయటికి వచ్చింది. అది చూసి నాకు హీటరు ఆలోచన వచ్చింది. ఆమె కళ్ళు చూసి జాలిపడ్డానని అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ణి. జాలి లేకపోలేదు. కానీ ఆ మధ్యనే తిరుపతిలో ఒక కాలేజీవాళ్ళు కొత్త పరికరాల ప్రదర్శన పెడుతున్నట్టు తెలిసింది. రైతు దగ్గర వాడి చూసిన పరికరాలకే చోటు అన్నారు. ఆ రెండోది ఎవరికీ చెప్పలేదు.

మొదట గ్యాసుతో చేశాను. చిన్న సిలిండరు, దాని మీద బర్నరు, చుట్టూ జల్లెడలాంటి రేకు. మా ఇంట్లో తలుపులు మూసి వెలిగించి చూస్తే కాసేపటికి నా భార్యకు తల తిరిగింది. మూసిన గదిలో గ్యాసు మంట గాలిని తినేస్తుంది. దాన్ని పక్కన పెట్టి కరెంటుకు మారాను. బిస్కెట్ల డబ్బా అంత పెట్టె, లోపల కాయిల్, వెనక కంప్యూటరులోంచి తీసిన ఫ్యాను. వేడి సరిపోగానే వంగి కరెంటు ఆపేసే రెండు లోహాల పట్టీ ఒకటి. ముందువైపు ఒక నాబ్. నాబ్ ఎక్కడుండాలో తెలిసేట్టు నా భార్య గోళ్ళ రంగుతో ఎర్ర గీత పెట్టాను.

తీసుకుపోయి ఇస్తే వదిన పెట్టెను అటూ ఇటూ చూసింది.

"ఇది రాత్రంతా దానంతట అదే ఆరి, దానంతట అదే వెలుగుతాదా?" అని అడిగింది.

"వెలుగుతాది వదినా. నువ్వు హాయిగా నిద్రపోవచ్చు."

"నిద్రపోతే పురుగు సంగతి యెవరు సూస్తారప్పా? కుంపటైతే నా సేతిలో ఉంటాది. దీని సంగతి నాకు తెలీదే."

"తెలియాల్సిన పని లేదు," అన్నాను నవ్వుతూ.

మా తోడల్లుడు కూడా నవ్వాడు. "సదువుకున్నోడు సెప్తా ఉంటే ఇనవేమే," అన్నాడు. షెడ్డులో ఒక మూల టార్పాలిన్ కట్టి గదిలా చేసిన చోట, పసి పురుగుల అరల పక్కన నేనే పెట్టె పెట్టి, స్విచ్చు వేసి వచ్చాను.

వారం రోజులు బాగానే నడిచింది. రోజూ ఫోన్ చేసి వివరాలు నోటుపుస్తకంలో రాసుకున్నాను. మూడో జ్వరం లేచి పురుగులు జోరుగా మేత తింటున్నాయని వదిన చెప్పింది. గొంతులో సంతోషం తెలిసింది. ఆ మర్నాడు పొద్దున తోడల్లుడు ఫోన్ చేశాడు. "అప్పా, బిరీన రా," అన్నాడు అంతే.

నేను వెళ్ళేసరికి షెడ్డు ముందు నలుగురైదుగురు ఉన్నారు. లోపల టార్పాలిన్ ఎత్తేసి ఉన్నా ఇంకా ఉక్కగా ఉంది. పురుగులు ఒళ్ళు మెత్తబడి, పచ్చటి నీళ్ళు కక్కుతూ అరల అంచుల నుంచి వేలాడుతున్నాయి. ఆకు ఎండి గలగలమంటోంది. వదిన ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. ఆమె ఏడవడం లేదు. అది ఇంకా బతికి ఉందేమో చూస్తోంది.

"ఏమైంది వదినా?" అన్నాను.

"తెల్లారి వచ్చేసరికి లోపల పొయ్యి ముందర కూసున్నట్టు ఉన్నిందప్పా. నీ పెట్టె ఆరలేదు." తనలో తాను గుర్తు చేసుకుంటున్నట్టు, "నిన్న సాయంత్రం దుమ్ము పడిందని గుడ్డతో తుడిసినా. అప్పుడేమన్నా తిరిగిందో ఏమో," అంది.

నేను పెట్టె దగ్గర గొంతుక్కూర్చున్నాను. నాబ్ ఎర్ర గీతకు సరిగ్గా ఎదురుగా ఉంది. వెంట్రుకవాసి కూడా కదలలేదు. అందరికీ నా వీపు మాత్రమే కనిపిస్తోంది. నా చెయ్యి వెళ్ళి ఆ నాబ్‌ను పట్టుకుని గీత దాటించి తిప్పింది. 'నా చెయ్యి' అని రాస్తున్నాను గానీ, తిప్పింది నేనే. ముందుగా అనుకుని చేసిన పని కాదు. కానీ చేస్తున్నప్పుడు ఏం చేస్తున్నానో నాకు తెలుసు.

లేచి పక్కకు జరిగి, "చూడన్నా, గీత దాటి ఉండాది," అన్నాను తోడల్లుడితో.

ఆయన వంగి చూశాడు. తర్వాత అందరి ముందూ వదిన మీద విరుచుకుపడ్డాడు. "నీకేం తెలుసునని దాన్ని ముట్టినావు? తెలీని సామాను జోలికి ఏల పోతావు?" అన్నాడు. వచ్చినవాళ్ళలో ఒకామె నాలుక చప్పరించింది. వదిన అరచేతిలో పురుగు అలాగే ఉంది. "నేనే ముట్టినా. నాదే తప్పు," అంది. నా వైపు తిరిగి, "నీ పనికి కూడా అడ్డం పడితిని కదప్పా," అంది.

"పర్వాలేదు వదినా," అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెట్టెను ఇంటికి తెచ్చి ఆ మధ్యాహ్నమే విప్పాను. విప్పకముందే నాకు సగం తెలుసు. రెండు లోహాల పట్టీని స్క్రూతో బిగించాలంటే రంధ్రం వేయాలి, వేస్తుంటే పల్చటి రేకు వంగిపోతోంది, ప్రదర్శనకు దరఖాస్తు గడువు దగ్గర పడింది. అందుకని దాన్ని టంకంతో అతికించాను. కాయిల్ వేడికి ఆ టంకం మెత్తబడి పట్టీ కిందికి జారింది. జారిన పట్టీ ఎంత వంగినా కరెంటు తెగదు. వేడెక్కే చోట టంకం పనికిరాదని ప్రతి ఏడూ కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే చెబుతాను. చెప్పి, నోటుపుస్తకాల్లో రాయిస్తాను.

అప్పుడైనా ఫోన్ చేసి ఉండవచ్చు. చేయలేదు. పట్టీని ఈసారి స్క్రూతో బిగించాను. అక్కడితో ఆగినా బాగుండేది. నాబ్ మీద చిన్న మూత పెట్టి, దానికి తాళం అమర్చాను.

తిరుపతి ప్రదర్శనలో ఆ తాళాన్నే అందరూ మెచ్చుకున్నారు. న్యాయనిర్ణేతగా వచ్చిన ఒక పెద్దాయన, "ఈ ఆలోచన ఎలా వచ్చింది?" అని అడిగారు. "పల్లెల్లో వాడేవాళ్ళకు అవగాహన ఉండదు సార్. తెలియక తిప్పేస్తారు. ఒక పంట అలాగే పోయింది," అన్నాను. ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. చెబుతూ చెబుతూ పక్కకు చూస్తే నా భార్య, ఆమె వెనక వదిన నిలబడి ఉన్నారు. కొండకు వెళ్ళి వచ్చి, నాకు చెప్పకుండా అటే వచ్చారు. వదిన చేతిలో లడ్డూల సంచి ఉంది. ఆమె నేను చెప్పిందంతా విన్నది. నా మాట పూర్తయ్యాక దగ్గరికి వచ్చి, "తాళం పెట్టి మంచి పని సేసినావప్పా. నాలాంటోళ్ళు ముట్టకుండా," అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది.

నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని హాల్లో తగిలించాం.

ఆ తర్వాత పలమనేరు పోవడం తగ్గించాను. ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. అక్కడి కబుర్లు నా భార్య ద్వారా తెలిసేవి. పురుగుల పని ఇప్పుడు తోడల్లుడు చూస్తున్నాడట. వదిన తోటలో ఆకు కోసి షెడ్డు గడప దాకా మోసి అక్కడ దించేస్తుందట. లోపలికి వెళ్ళదట. ఎవరైనా తమ షెడ్డుకు వచ్చి చూడమంటే, "నా చెయ్యి మంచిది కాదులేమ్మా," అంటుందట. నా భార్య ఈ మాట వంటింట్లో ఏదో పని చేసుకుంటూ మామూలుగా చెప్పింది. నేను అన్నం తింటున్నాను. చెయ్యి కడుక్కుని లేచాను. అయినా రెండు చలికాలాలు ఊరుకున్నాను.

చివరికి నా భార్యకే ముందు చెప్పాను. "మా అక్క మీ పేరు చెప్పి దణ్ణం పెట్టుకుంటాది. మా మరిది ఒక్క మాట కూడా అనలేదు అని," అంది. కుర్చీ వేసుకుని ప్రశంసాపత్రం దించి నా ఒళ్ళో పెట్టింది. "రేపు పోదాం పదండి."

మేం వెళ్ళేసరికి వదిన తోటలో ముగ్గురు కూలి ఆడవాళ్ళతో ఆకు కోస్తోంది. గట్టు మీదికి పిలిచి చెప్పాను. పట్టీ సంగతి, టంకం సంగతి ముందు చెప్పాను. అవి ఆమెకు అక్కర్లేదని తెలుసు. అసలు మాట దగ్గరికి రావడానికి అలా చుట్టూ తిరిగాను. చివరికి, "నాబ్ గీత మీదే ఉన్నింది వదినా. తిప్పింది నేను," అన్నాను.

ఆమె కొడవలి కింద పెట్టింది.

"నేను తుడిసినప్పుడు తిరగలేదా?"

"లేదు."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దే. నువ్వు పురుగును చేతిలో పెట్టుకున్నప్పుడే."

ఆమె తిడుతుందని, ఏడుస్తుందని అనుకుని సిద్ధపడి వచ్చాను. ఆమె తన అరచేతుల వంక చూసుకుంది. ఆకు రసంతో నల్లబడి ఉన్నాయి. "రెండేండ్లప్పా," అంది. తర్వాత, "నాకు సెప్తే ఏమొస్తాది? ఆ పొద్దు అందరి ముందరా సెప్తివే, అట్లే సెప్పు," అంది.

తోడల్లుణ్ణి పిలిపించి, ఆయన ముందు, ఆ కూలి ఆడవాళ్ళ ముందు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. తోడల్లుడు తువ్వాలుతో మెడ తుడుచుకుని, "పోనీలేప్పా. ఎప్పటిదో అది. దానికింత దూరం రావల్లనా? రా, కాఫీ తాగుదాం," అని నా భుజం తట్టాడు. అరిచింది తనే అని ఆయనకు గుర్తున్నట్టు లేదు. గుర్తు చేసే అర్హత నాకూ లేదు. ఆయన అంత తేలిగ్గా క్షమించడం చూస్తే, పోయింది ఆయనది కాదని అర్థమైంది.

కూలి ఆడవాళ్ళలో ఒకామె, "అంటే పెట్టె సెడిపోయిండాదా?" అని అడిగింది.

"పెట్టె కాదమ్మా. నేను అబద్ధం చెప్పినాను," అన్నాను. ఆమె ఇబ్బందిగా తల తిప్పుకుని ఆకు కోయసాగింది.

వదిన మాతో ఇంటికి రాలేదు. మేం కాఫీ తాగి వచ్చేటప్పుడు చూస్తే షెడ్డు తలుపు తీసి ఉంది. లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. అరలు ఇంత దగ్గరగా ఎవరు పెట్టమన్నారని, మాకంటే ముందే లేచి వెళ్ళిన మొగుణ్ణి అడుగుతోంది. నా భార్య లోపలికి వెళ్ళి చెప్పి వచ్చింది. నేను గడప దగ్గరే నిలబడ్డాను. "పోయొస్తా వదినా," అన్నాను. "ఊఁ," అంది ఇటు తిరక్కుండానే.

ప్రశంసాపత్రాన్ని ఆ కాలేజీకి తిప్పి పంపాను. జరిగింది రాసి ఉత్తరం కూడా జత చేశాను. జవాబు రాలేదు. హీటరును విప్పి విడిభాగాలు ల్యాబులో పెట్టాను. పట్టీ మీద మిగిలిన పాత టంకం మరకను పిల్లలకు చూపించి పాఠం చెబుతాను. టంకం గురించి పూర్తిగా చెబుతాను. నాబ్ గురించి ఇంతవరకు చెప్పలేకపోయాను.

వదిన మళ్ళీ పంటలు తీస్తోంది. చలికాలంలో కుంపటే పెడుతోంది. మేం వెళితే మర్యాదకు లోటు చేయదు, అన్నం పెడుతుంది, ఆరోగ్యం అడుగుతుంది. అప్పా అని మాత్రం పిలవడం లేదు.