వైనో గారి వాల్యుయేషన్ పేచీ

వైనో లెహ్టోలా గారు పేచీ పెట్టకుండా ఒక్క బిల్లు కట్టగా మా డులూత్ ఊళ్లో ఎవరూ చూడలేదు. కాఫీ కప్పు అంచుకు వేలెడు వెలితిగా ఉందని హోటలువాడితో పేచీ. పన్ను పీకిన డాక్టరుతో, "అది ఎలాగూ ఊగుతోంది. సగం పని నేనే చేసుకొచ్చాను, సగం ఫీజే తీసుకో" అని పేచీ. గెలిచేవారు కాదు, మానేవారూ కాదు.

మా చిన్న సహకార బ్యాంకులో అప్పుల బల్ల దగ్గర కూర్చునేది నేనే కాబట్టి, ఇరవై ఆరేళ్లు ఆయన నా వంతుకొచ్చారు.

డెబ్బై నాలుగో ఏట ఆయన మోకాళ్లు కొండ ఎక్కలేమని మొండికేశాయి. ఇల్లేమో కొండ మీద. కింద సరస్సు వైపు చదునైన వీధిలో ఓ ఇల్లు అమ్మకానికొస్తే అప్పు కోసం నా దగ్గరికొచ్చారు.

"వాల్యుయేషన్ ఫీజు ఆరు వందల డాలర్లు. ముందే కట్టాలి" అన్నాను.

"ఇల్లు చూసి ధర చెప్పడానికా? నేనూ చూశాను, నాకెవరిస్తారు?"

మూడు రోజులు వాదించి కట్టారు.

ఇల్లు చూసొచ్చిన వాల్యుయర్ నాకు ఫోన్ చేసి లబోదిబోమన్నాడు. "మీ ముసలాయన నా వెనకే తిరుగుతూ నేలమాళిగలో చెమ్మ, పైకప్పులో చిల్లు అన్నీ వేలు పెట్టి చూపించాడమ్మా! అవన్నీ నిజమే, రాయక చస్తానా?"

ఓనరు అడిగిన ధర కంటే ఇల్లు విలువ పద్దెనిమిది వేలు తక్కువని రిపోర్టులో తేలింది. మర్నాడే వైనో గారు దిగారు.

"పెగ్గీ, ఆ ఇల్లు నాకొద్దు. నా ఆరు వందలు నాకిచ్చెయ్."

"కొనడం మానుకున్నది మీరు. వాల్యుయర్ పని వాల్యుయర్ చేశాడు. తిరిగి రాదండీ."

"నేను కొనని ఇంటికి నేనెందుకు కట్టాలి?"

అలా తొమ్మిది మంగళవారాలు వచ్చి ఇదే పేచీ. పదో మంగళవారం మా మేనేజరు హాల్వర్సన్ గారు గదిలోంచి బయటికొచ్చారు. "అసలు మీకేం కావాలి మహానుభావా?"

"డబ్బు ఇవ్వరని తెలిసిపోయింది. ఆ రిపోర్టన్నా వృథా కానివ్వకండి. రేపు ఆ ఇంటికి ఇంకొకరు అప్పుకొస్తే మళ్లీ ఫీజు గుంజకుండా ఇదే వాడండి. కొనేవాడు మారితే గోడలు మారవుగా!"

"వాడతాం. రాసి సంతకం పెట్టి ఇస్తాను. ఇక దయచేయండి!"

వారం తిరక్కుండా డార్లీన్ బిసెట్ వచ్చింది, అదే ఇంటికి అప్పు అడగడానికి. బడిలో వంట చేస్తుంది. ఇద్దరాడపిల్లలతో పదకొండేళ్లుగా ఆ ఇంట్లోనే అద్దెకుంటోంది.

"వాల్యుయర్ వచ్చిన రోజు, ఇల్లు అమ్మేస్తున్నారు కదా అని నేను గిన్నెలు పెట్టెల్లో సర్దుతున్నాను" అంది. "ఎక్కడికమ్మా అని అడిగాడు వెంట వచ్చిన పెద్దాయన. ఇంకా ఎక్కడా దొరకలేదన్నాను. కొనుక్కోకూడదా అన్నాడు. అంత ధర పెట్టలేనన్నాను. ఆ వెంటనే ఇల్లంతా దులిపి లోపాలు ఏరాడు. ఓనరు ఇప్పుడు వాల్యుయేషన్ ధరకే ఇస్తానంటున్నాడు."

కొత్త ఫీజు లేకుండా, పాత రిపోర్టు మీదే అప్పు మంజూరైంది.

ఆ మధ్యాహ్నం వైనో గారిని బస్టాపు దగ్గర పట్టుకున్నాను. "ఆమె కోసమని మొదటి రోజే చెప్తే పోయేదిగా!"

"చెప్తే ఏమనేదానివి? మంచి మనసండీ మీది, కానీ రూలు ఒప్పుకోదండీ అనేదానివి. మంచివాణ్ని మర్యాదగా పంపించేస్తారు తల్లీ. గొడవ చేసేవాణ్ని వదిలించుకోవడానికి సంతకం పెడతారు."

ఆ ఆరు వందలు నెలకు కొంత చొప్పున తీర్చేస్తానని డార్లీన్ ఆయన ఇంటికే వెళ్లిందట. తలుపు సగమే తీశారట.

"నా పేచీ బ్యాంకుతో. మధ్యలో నువ్వెవరు?" అని కేకలేసి, కొండెక్కి వచ్చిందని కాఫీ ఇచ్చి మరీ పంపించారట.